పేరు మిగిలిన తోటలు.. తోట మిగిలిన చోటు

ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కి మియాపూర్ వైపు వస్తుంటే దిల్‌సుఖ్‌నగర్ దాటగానే ‘మూసారాంబాగ్’ అని వినిపిస్తుంది. బాగ్ అంటే తోట. కిటికీలోంచి తొంగి చూస్తే కనిపించేవి మేడలు, హోర్డింగులు, డాబాల మీద నీళ్ల ట్యాంకులు. తోట ఎటు పోయిందని పక్కసీటాయన్ని అడిగితే మనల్నే వింతగా చూస్తాడు.

హైదరాబాద్‌లో ఇలాంటి బాగ్‌లు కోకొల్లలు. బషీర్‌బాగ్, జామ్‌బాగ్, రామ్‌బాగ్, కిషన్‌బాగ్, బాగ్‌లింగంపల్లి... చిరునామాల నిండా తోటలే. వాటిలో చాలావాటికి ఒకప్పుడు ఒక యజమాని, ఒక ప్రహరీ, ఒక దేవిడీ ఉండేవి.

మూసారాంబాగ్ యజమాని ఫ్రాన్సు నుంచి వచ్చినవాడు. రెండో నిజాం అలీ ఖాన్ కొలువులో సేనాపతిగా పనిచేసిన రేమండ్. ‘మస్యూ రేమండ్’ మన నోట్లో పడి హిందువులకు మూసా రామ్, ముస్లిములకు మూసా రహీమ్ అయ్యాడు. 1798లో పోయాడు. దగ్గర్లోని గుట్ట మీద అతని సమాధి స్తంభం ఇంకా నిలబడే ఉంది. తోట మాత్రం ప్లాట్లయింది. బషీర్‌బాగ్‌దీ అదే దారి. పైగా వంశపు అమీరు, 1887 నుంచి 1894 దాకా దివానుగా ఉన్న ఆస్మాన్ జా అక్కడ ప్యాలెస్ కట్టుకున్నాడు. ఇప్పుడు ప్యాలెస్ లేదు, తోటా లేదు. ఒక మనిషి సరదాగా పెంచుకున్న తోట ఆ మనిషితోనో, మహా అయితే వారసుల వాటాలతోనో సరి.

రైలు మూసీ దాటి ఎంజీబీఎస్‌లో ఆగుతుంది. అక్కడ దిగి నది వెంట కాస్త నడిస్తే అఫ్జల్‌గంజ్. ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో ఒక పాత చింతచెట్టు. 1908 సెప్టెంబర్ 28న మూసీ విరుచుకుపడింది. వంతెనల మీంచి నీళ్లు పొర్లాయి, ఇళ్లకు ఇళ్లే కొట్టుకుపోయాయి, వేలమంది ప్రాణాలు పోయాయి. అప్పుడు దొరికిన కొమ్మ పట్టుకుని ఈ చెట్టెక్కినవాళ్లు సుమారు 150 మంది. వరద తగ్గేదాకా అలాగే కొమ్మల మీద ఉండి బతికి బయటపడ్డారు. ఎవరి కులమేంటి, కొలువేంటి అని చెట్టు అడగలేదు. ఏటా సెప్టెంబర్ 28న కొందరు ఆ నీడలో చేరి, పోయినవాళ్లను తలచుకుంటారు.

మరుసటేడు నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ ఆ వరద చెప్పిన పాఠంలోంచి వచ్చినవే. నది గట్లను ఎత్తుచేసి వాటి వెంట తోటలు వేయాలన్నదీ ఆయన ఆలోచనల్లో ఉంది. తోట ఊరికి సోకు మాత్రమే కాదు, ఊపిరి పీల్చుకునే జాగా కూడా అని నగరం నీళ్లలో మునిగి తెలుసుకుంది.

మళ్లీ రైలెక్కితే నాంపల్లి తర్వాత ‘అసెంబ్లీ’. పాత నగరవాసుల నోట ఈ చోటు పేరు బాగే ఆమ్. 19వ శతాబ్దంలో వేసిన తోట ఇది. రాజుగారి కొలువుల్లో దీవానే ఖాస్ ఉంటుంది, దీవానే ఆమ్ ఉంటుంది. ఖాస్ కొందరిది, ఆమ్ అందరిది. అలా చూస్తే బాగే ఆమ్ అంటే అందరి తోట. గేటు మీది ‘పబ్లిక్ గార్డెన్స్’ దానికి మక్కికి మక్కి అనువాదం.

ఖాళీ జాగా కనపడితే కట్టడం లేపాలనిపించడం ఏలికలందరికీ ఉన్న జబ్బు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ నలభయ్యో పుట్టినరోజు గుర్తుగా 1905లో టౌన్‌హాల్‌కు పునాది పడింది. 1913కు తెల్లటి గుమ్మటాల భవనం లేచింది. దాని తర్వాత షాహీ మసీదు, 1930లో మ్యూజియం, ఏడో నిజాం రజతోత్సవాల పేరిట జూబ్లీహాల్. ప్రజాప్రభుత్వాలు వచ్చాక బాలభవన్, లలితకళాతోరణం. మ్యూజియంలో ఈజిప్టు మమ్మీ ఒకటుంది. ఆరో నిజాం అల్లుడు నజీర్ నవాజ్ జంగ్ కొనుక్కొచ్చింది. బడి పిల్లలు వరుసలో వచ్చి, అద్దానికి ముక్కులు ఆనించి, ‘నిజంగా మనిషేనా సార్?’ అని గుసగుసలాడతారు.

ఒకప్పుడు పిల్లలు ఇక్కడికి పులిని చూడ్డానికి వచ్చేవాళ్లు. నగరపు జంతుప్రదర్శనశాల ఈ తోటలోనే ఉండేది. 1963 అక్టోబర్ 6న మీరాలం చెరువు పక్కన సుమారు 380 ఎకరాల్లో నెహ్రూ జూ తెరిచాక జంతువులు అటు మారాయి.

టౌన్‌హాలే తర్వాత శాసనసభ అయింది. హైదరాబాద్ రాష్ట్రం, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, మూడింటి సభలూ ఆ ఆవరణలోనే కొలువుదీరాయి. ఆమ్ జనం ఓటేసి పంపినవాళ్లు ఆమ్ జనం తోటలోనే కూర్చోవడం ముచ్చటైన సంగతే. కాకపోతే ఆ ఓటరు లోపలికి వెళ్లాలంటే ఇవాళ పాసు కావాలి.

ఖాస్ ఆమ్ అయిన ముచ్చటా ఒకటుంది. బంజారాహిల్స్, జూబ్లీహిల్స్ నడుమ నిజాం వారసుల చిరాన్ ప్యాలెస్ చుట్టూ ఉన్న అడవి, 1998లో కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయ వనమైంది. ఇప్పుడు టికెట్ కొన్న ఎవరైనా నెమలి అరుపు వింటూ నడవొచ్చు.

ఒకే రైలు, రెండు స్టేషన్లు. మూసారాంబాగ్‌లో పేరు మిగిలింది, తోట పోయింది. అసెంబ్లీ దగ్గర తోట మిగిలింది, పేరు పోయింది. కట్టడాలు ఎంత కొరికినా ఈ రెండోది ఇంకా బతికే ఉందంటే, తెల్లవారుజామున నడకకొచ్చేవాళ్లు, మధ్యాహ్నం చెట్టుకింద సద్ది విప్పుకునేవాళ్లు రోజూ కాలు పెడుతుండబట్టే. నాంపల్లి స్టేషన్‌లో పొరుగూరి బండి దిగి, తువ్వాలు పరుచుకుని ఆ నీడలో నడుం వాల్చిన మనిషికి ఉర్దూ రాకపోవచ్చు. ఆమ్ అంటే ఏంటో మాత్రం ఎవరూ చెప్పనక్కర్లేదు.