కొవ్వాడలంక చెరువు

విమాన శబ్దానికి మూలమైన ధాతువుకు ‘కొలుచుట’ అని అర్థం. తరగతిలో పుష్పకవిమానం ప్రసక్తి వచ్చినప్పుడల్లా ఈ వ్యుత్పత్తిని వల్లించేవాణ్ణే గాని, ఆకాశయానంలో ఆ కొలత ఎంతటి ప్రాణసంకటమో 2002 మార్చి 3, ఆదివారం నాటి వార్తతో గాని నాకు బోధపడలేదు. ఆ ఉదయం భీమవరంలో లేచిన బెల్ 206 హెలికాప్టరు కైకలూరు సమీపాన కొవ్వాడలంక వద్ద చేపల చెరువులో కూలింది. లోక్‌సభ సభాపతి గంటి మోహనచంద్ర బాలయోగితో సహా ముగ్గురు అసువులు బాశారు. సాంకేతిక లోపం తలెత్తిందని నాటి వార్తలు. రోడ్డున గంట పట్టే ఆ దూరం హెలికాప్టరుకు పావుగంట కూడా కాదు.

కోనసీమ బిడ్డ బాలయోగి 1998లో ఆ పీఠమెక్కిన తొలి దళితుడు. 1999 ఏప్రిల్ 17న ఒక్క ఓటు తేడాతో వాజపేయి ప్రభుత్వం పడిపోయిననాడు సభాపతి స్థానంలో ఉన్నది ఆయనే.

రెక్కల విమానం లేచీలేవగానే ఇంజను ఆగితే చాలకునికి మొదట కలిగే కోరిక వెనుదిరిగి రన్‌వే చేరాలని. అదే ప్రాణాంతకం. తక్కువ ఎత్తులో ఒరిగి తిరిగితే వేగం చాలక విమానం రాయిలా పడుతుంది. ముక్కు దించి, వేగం నిలుపుకొని, ఎదుట దొరికిన నేల మీదనే దిగాలని శిక్షణలో నూరిపోస్తారు. హెలికాప్టరు లెక్క వేరు. ఒకటి రెండు క్షణాలలో రెక్కల కోణం తగ్గించగలిగితే, కిందినుంచి ఎగదన్నే గాలియే వాటిని తిప్పుతుంది, తిరునాళ్లలో పిల్లలు పట్టుకునే కాగితపు గిరకలాగా. నేల చేరువైనాక ఆ తిరుగుడులో మిగిలిన బలాన్ని ఒక్కసారి వాడుకొని మెల్లగా వాలాలి. ఆ అవకాశం ఒక్కటే, రెండవది లేదు. కనుక ఎత్తును సరిగా కొలవాలి. నిశ్చలమైన నీటిపై ఎత్తు అంచనా కట్టడం కాకలు తీరినవారికే కష్టం.

ఇక వాలడానికి నేల ఏది? గుడివాడ నుంచి కైకలూరు వెళ్లినవారెవరైనా ఈ ప్రశ్న వేసుకోక తప్పదు. నా బాల్యంలో ఆ దారికి ఇరువైపులా వరిచేలు, కోతలయ్యాక మినుము. చెరువంటే ఊరికొకటి, కావిళ్లతో మంచినీళ్లు మోసుకునే చోటు. 1980ల నుంచి కొల్లేటి చుట్టుపట్ల చేలను తవ్వి శీలావతి, బొచ్చె పెంచసాగారు. ధాన్యం కంటే చేప లాభసాటి. రైతును తప్పుపట్టే సాహసం నేను చేయను. కాని ‘పదెకరాల చెరువు’, ‘చెరువు కౌలు’ అన్న మాటలు విన్నప్పుడల్లా నిఘంటువు తిరగరాయాలేమో అనిపిస్తుంది. పైనుంచి చూస్తే నీరు, నీటి మధ్య సన్నని గట్లు, వాటి మీద కొబ్బరిచెట్లు, కరెంటు తీగలు.

1977 నవంబరు 19 ఉప్పెన తరువాత దివిసీమపై హెలికాప్టర్లు ఆహారపు పొట్లాలు జారవిడిచాయి. అప్పుడూ కింద నీరే. అయితే ఆ నీరు కొన్నాళ్లకు తీసి, నేల తేలింది.

కైకలూరు 2022 నుంచి ఏలూరు జిల్లాలో ఉంది. చెరువులు అలాగే ఉన్నాయి.