దేవుణ్ణి నిలదీసిన దివిసీమ కవి

దివిసీమలోని పెదప్రోలు కవి కాసుల పురుషోత్తముడు 18వ శతాబ్ది చివరిభాగంలో ఆంధ్రనాయక శతకం చెప్పాడు. కృష్ణ ఒడ్డున, ఇప్పటి ఘంటసాల మండలంలోని శ్రీకాకుళంలో వెలసిన ఆంధ్రమహావిష్ణువు దానికి నాయకుడు. కళింగ దండయాత్రకు వెళ్తూ శ్రీకృష్ణదేవరాయలు ఇక్కడ ఆగాడనీ, తెలుగులో కావ్యం చెప్పమని ఈ స్వామే కలలో కనిపించి ఆనతిచ్చాడనీ ఆయన కావ్యం ఆముక్తమాల్యద అవతారిక చెబుతుంది. అంతటి స్వామిని పురుషోత్తమ కవి పద్యం వెంట పద్యంలో ఎత్తిపొడుస్తాడు. సాహిత్య చరిత్రకారులు దీనికి నిందాస్తుతి అని పేరు పెట్టి భక్తి శతకాల వరసలో కూర్చోబెట్టారు. ఆ చోటు తప్పు కాదు గాని, ఈ శతకానికి అది చాలదు. అధికారాన్ని వెక్కిరించే కవిత్వమూ, పోయినదాన్ని తలచి వగచే కవిత్వమూ మన కృష్ణా డెల్టాలో ఒకే పద్యంలో ఇమిడాయనడానికి ఇంతకంటే గట్టి సాక్ష్యం దొరకదు.

ఈ శతకంలో బాగా ప్రచారంలో ఉన్న ఒక సీసం తీరు చూడండి. లోకభారం మోసేవాడన్న పేరు స్వామికి భార్య భూదేవి వల్ల వచ్చింది. కోరినవి ఇచ్చేవాడన్న ఘనత లక్ష్మి తెచ్చిపెట్టింది. పెద్ద సంసారి అన్న బలిమి సృష్టి చేసే కొడుకు బ్రహ్మది. పాపుల్ని పావనం చేస్తాడన్న కీర్తి కూతురు గంగది. ఇంతకీ ఆయన సొంతంగా సంపాదించిందేమిటి? సీసపద్యం నాలుగు పాదాల్లో నాలుగు అభియోగాలు పేర్చి, కింది ఎత్తుగీతిలో తీర్పు చెప్పడం రచ్చబండ మీద తగవు నడిచినట్టే ఉంటుంది. పురాణం తెలిసినవాడికి ఇది చమత్కారం. జమీందారీ కొలువు తెలిసినవాడికి మరొకటి కూడా వినిపిస్తుంది: పని చేసేవాళ్లు వేరు, పేరు పొందేవాడు వేరు. కవి ఆ రెండో అర్థాన్ని ఎక్కడా పైకి అనడు. అనకపోవడంలోనే ఆ పద్యం పదును ఉంది.

ఇక్కడ పండితులు ఒక అభ్యంతరం చెప్పవచ్చు. తిట్టినట్టు కనిపించి పొగడటం వ్యాజస్తుతి అనే అలంకారం. భూదేవీ లక్ష్మీ ఆయన శక్తులే కాబట్టి నింద చివరికి స్తోత్రంగానే తేలుతుంది, ఇందులో లోకం మీద విమర్శ ఎక్కడిది? అలంకారం మాట నిజమే. కానీ అదే అలంకారాన్ని ఆ శతాబ్దంలో ఇతర కవులు ఎందుకు పట్టుకున్నారో గమనించాలి. సింహాచలం మీదికి సేనలు వచ్చినప్పుడు గోగులపాటి కూర్మనాథ కవి నరసింహస్వామిని నిద్ర లేవవేమని దెప్పాడు. భద్రాచలం దోపిడీ భయంతో రాముడి విగ్రహాలు పోలవరం తరలిపోయినప్పుడు భల్లా పేరకవి భద్రగిరి శతకంలో రాముడి పౌరుషాన్నే ప్రశ్నించాడు. వాళ్లకు ముందు, గోల్కొండ చెరలో కంచర్ల గోపన్న చేయించిన నగలన్నీ ఏకరువు పెట్టి రాముణ్ణి నిలదీశాడు. గుడి పాడైనప్పుడు, పూజ ఆగినప్పుడు, భక్తుడు చెరలో పడినప్పుడు ఈ స్వరం లేస్తోంది. పద్యం చివర స్తోత్రంగా మారినంత మాత్రాన దాన్ని పుట్టించిన దుఃఖం అబద్ధం కాదు.

పురుషోత్తమ కవి కాలంలో డెల్టాకూ అలాంటి దుఃఖమే వచ్చింది. 1759లో ఈస్టిండియా కంపెనీ సేనాని కర్నల్ ఫోర్డు మచిలీపట్నం కోటను ఫ్రెంచివారి నుంచి పట్టుకున్నాడు. 1766 నాటికి ఈ డెల్టా కూడా చేరిన ఉత్తర సర్కారుల విషయంలో కంపెనీ నిజాంతో ఒప్పందం చేసుకుంది. 1791–92లో సర్కారు జిల్లాలు ఘోరమైన కరువు చూశాయి. 1794లో మచిలీపట్నం కౌన్సిలు పోయి కలెక్టర్లు వచ్చారు, 1802లో జమీందార్ల శిస్తును స్థిరపరిచే శాశ్వత పైకట్టు మొదలైంది. కంపెనీ అడిగే పేష్కషు (కప్పం) జమీందారు మీద పడితే, జమీందారు చేతిమీద నడిచే గుడి దీపానికీ ఆ సెగ తగలకుండా ఉండదు. శ్రీకాకుళం ఆలయం పాడుపడి ఉండగా ఈ పద్యాలు విన్న చల్లపల్లి జమీందారు దాన్ని బాగుచేయించాడని ఈ ప్రాంతంలో చెప్పుకుంటారు. చల్లపల్లి కేంద్రంగా ఉన్న దేవరకోట సంస్థానాధిపతి యార్లగడ్డ అంకినీడు ప్రసాదు ఈ కవిని ఆదరించిన ప్రభువు. గుడి బాగుచేయించిన ఆ కథ పుక్కిటి పురాణమని కొట్టిపారేసేవారు ఉండవచ్చు, శాసనం చూపమనీ అడగవచ్చు. సరే, కథ నిజం కాదనే అనుకుందాం. అయినా పద్యంలో దేవుణ్ణి తిడితే ప్రభువు కదిలాడని జనం కథ అల్లుకున్నారంటే, ఆ తిట్టు ఎవరికి తగలాలో విన్నవాళ్లకు తెలుసన్నమాట. తనకు అన్నం పెట్టే ప్రభువును కవి నేరుగా అనలేడు. ప్రభువుకే ప్రభువైన స్వామిని మాత్రం అనగలడు.

ఈ మార్గం విలువ ఇంగ్లండుతో పోల్చితే ఇంకా తేటపడుతుంది. జోసెఫ్ హాల్ 1597–98లో రోమన్ కవి జువెనల్ బాటలో అధిక్షేప పద్యాలు అచ్చువేసి, ఇంగ్లీషులో ఆ పని చేసిన మొదటివాణ్ణి తానేనని చాటుకున్నాడు. 1599 జూన్‌లో కాంటర్‌బరీ ఆర్చిబిషప్పూ లండన్ బిషప్పూ అలాంటి పద్యాల అచ్చు నిషేధించారు. మరో అధిక్షేప కవి మార్‌స్టన్ పుస్తకాలు తగలబడ్డాయి, హాల్ పుస్తకం మాత్రం తప్పించుకుంది. తరవాత తానూ బిషప్పయిన హాల్, 1640ల అంతర్యుద్ధంలో నారిచ్‌లోని తన కెథడ్రల్‌ను ప్యూరిటన్లు ధ్వంసం చేయడం చూశాడు. ఆ గోడు 1647లో వచనంలో రాసుకున్నాడు. యువకుడి వెక్కిరింతకూ వృద్ధుడి విలాపానికీ మధ్య అర్ధశతాబ్దం ఎడం. అక్కడి అధిక్షేపానికి గురి మనుషులే కాబట్టి, ఆ మనుషులే దాని నోరు నొక్కగలిగారు. నిందాస్తుతిని అలా నొక్కడం ఎవరి వల్లా కాదు. దాన్ని నిషేధించాలంటే ముందు స్తోత్రాన్ని నిషేధించాలి.

అయితే ఈ వాదనను అతిగా సాగదీస్తే కవిని పోగొట్టుకుంటాం. ప్రతి పద్యం వెనకా ఒక జమీందారును వెతికితే పురుషోత్తముడు ముసుగు వేసుకున్న రాజకీయవాదిగా మిగులుతాడు. ఆయన మరో శతకం హంసలదీవి గోపాలుడికి చెప్పాడు, మనసుకు బోధ చేసుకుంటూ ఇంకొకటి చెప్పాడు. ఆ భక్తి నటన కాదు. పరాయివాడితో ఎవరూ అంత చనువుగా పోట్లాడరు. దేవుడు వింటాడన్న నమ్మకం ఉన్నవాడే ఆయన్ని అడగగలడు; ఆ అడగడం విన్న మనుషులు తమ బాధ్యతనూ అందులో వినగలరు. అందుచేత ఆంధ్రనాయక శతకాన్ని భక్తి పాఠంగా చదివేవాళ్లు దాన్ని కంపెనీ పాలన తొలినాళ్ల కృష్ణా డెల్టా సాక్ష్యంగా కూడా చదవాలి. చరిత్ర రాసేవాళ్లు కలెక్టర్ల రికార్డుల పక్కన దాన్నీ పెట్టుకోవాలి. శిస్తు ఎంత వసూలైందో ఆ రికార్డులు చెబుతాయి. ఆదుకోవలసినవాడు ఆదుకోనప్పుడు ఈ నేల ఎలా మాట్లాడిందో తెలియాలంటే శతకం తెరవాలి.