నేటాల్ వెళ్ళిన నెల్లూరు రంగయ్య గారు

మన సంఘం ప్రత్యేక సంచికకు చరిత్ర విషయం ఏదైనా వ్రాయమని కార్యదర్శి గారు ఫోన్ చేసి అడిగినప్పుడు నాకు ముందుగా పానగల్లు గుడి, పాలమూరు పిల్లలమర్రి గుర్తుకు వచ్చాయి. వాటిని గురించి నాకంటె బాగా వ్రాయగలవారు మన సభ్యులలో ఉన్నారు. కాబట్టి నేను ఒక పాత బాకీ తీర్చుకోదలచి ఈ విషయం ఎత్తుకున్నాను.

దాదాపు ముప్పయ్యేళ్ళ కిందటి మాట. నాతోపాటు పనిచేసిన ఒక సీనియర్ అసిస్టెంట్ ఉండేవారు. బాప్టిస్టు సంఘంలో పెద్ద. పేరు వ్రాయను, ఆయన ఇప్పుడు లేరు. ఒకరోజు ఆఫీసు వెనుక టీ కొట్టు దగ్గర మాటల్లో మాటగా నేను, "ఏమైనా మీ మతం దొరలు ఓడలో తెచ్చిందే గదన్నా" అన్నాను. ఆయన గ్లాసు బల్ల మీద పెట్టి, "తెచ్చిండ్రు, కాదనను. మరి మావోళ్ళు ఓడ ఎక్కించి పంపింది నీకు తెల్వదా? నెల్లూరు రంగయ్య ఆఫ్రికాకు పోయిండు. ఆయనను పంపింది దొరలు గాదు, మా తెలుగు సంఘాలు" అన్నారు. నేను నవ్వి ఊరుకున్నాను. నమ్మలేదని ఆయనకు అర్థమైంది. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

రిటైరైన తరువాత గ్రంథాలయానికి పోయే తీరిక దొరికింది. చదివితే ఆయన చెప్పింది నిజమని తెలిసింది. అప్పటికి ఆ సంగతి ఆయనతో చెప్పుకునే అవకాశం లేకపోయింది.

మన వైపు వచ్చినవారు

అమెరికన్ బాప్టిస్టులు తెలుగు దేశానికి వచ్చింది 1836లో. శామ్యూల్ డే అనే ఆయన మొదట విశాఖపట్నంలో దిగి, 1840లో నెల్లూరు చేరుకొన్నారు. చాలా ఏళ్ళు ఆ పని నామమాత్రంగా నడిచింది. తరువాత ఒంగోలులో జాన్ క్లౌ గారి కాలం వచ్చింది. 1876-78 కరువులో ఆయన బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకొని, ఆకలితో ఉన్నవారికి కూలి ఇప్పించారు. ఆ కరువు తరువాత 1878లో వేలమంది, ముఖ్యంగా మాదిగ కుటుంబాలవారు, బాప్టిస్టు సంఘంలో చేరారు.

కృష్ణకు ఇవతల, నిజాం రాజ్యంలోకి ఈ మిషన్ 1870లలో సికింద్రాబాదు ద్వారా వచ్చింది. పాలమూరులో 1885లో ఎల్బర్ట్ చ్యూట్ గారు స్థిరపడ్డారు. అప్పటికి ఆ ఊరికి ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ పేరు ఇంకా పెట్టలేదు. నల్లగొండకు 1890లో అబ్రహాం ఫ్రీసెన్, ఆయన భార్య మరియా వచ్చారు. వీరు అమెరికావారు కారు. దక్షిణ రష్యాలో, అంటే నేటి ఉక్రెయిన్ ప్రాంతంలో ఉన్న జర్మన్ మాటలాడే మెన్నొనైట్ బ్రదరెన్ కుటుంబాలవారు. హాంబర్గులో చదువుకొని, అమెరికన్ బాప్టిస్టు మిషన్ తరఫున ఇక్కడ పనిచేశారు. వారి వెనుక సూర్యాపేట, భువనగిరి, జనగామ వైపులకు కూడా అదే రష్యా ప్రాంతంవారు వచ్చారు. 1917 విప్లవం తరువాత రష్యా నుండి వచ్చే సహాయం ఆగిపోయింది. నాగర్‌కర్నూలు, వనపర్తి, దేవరకొండ వైపు పనిచేసిన అమెరికన్ మెన్నొనైట్ బ్రదరెన్ వారే 1937లో మహబూబ్‌నగర్ కేంద్రాన్ని కూడా తీసుకొన్నారు.

ఇదంతా మన పెద్దలు కళ్ళారా చూసిన చరిత్రే. మిషన్ కాంపౌండు, బడి, ఆసుపత్రి అంటే మన రెండు జిల్లాలలో తెలియనివారు లేరు. అందుకే మిషనరీ అనగానే మన మనసులో తెల్లదొర బొమ్మే మెదులుతుంది. తెలుగువాడు బడిపంతులు కావచ్చు, పల్లెలు తిరిగే బోధకుడు కావచ్చు, ఆసుపత్రిలో కాంపౌండరు కావచ్చు. మిషనరీ మాత్రం దొరే. నేను టీ కొట్టు దగ్గర అన్న మాటకు మూలం ఇక్కడున్నది.

నేటాల్‌కు పోయిన కూలీలు

ఇక ఆఫ్రికా సంగతి. దక్షిణాఫ్రికా తూర్పు తీరంలో నేటాల్ అనే బ్రిటిష్ వలస రాజ్యం ఉండేది. అక్కడ చెరకు తోటలకు మనుషులు కావలసి వచ్చి, మన దేశం నుండి కూలీలను రప్పించారు. మొదటి ఓడ ట్రూరో. మద్రాసులో బయలుదేరి 1860 నవంబరు 16న డర్బన్ చేరింది. అప్పటినుండి 1911లో ఈ పద్ధతి ఆగేవరకు 1,52,184 మంది ఆ విధంగా వెళ్ళారు. వారిలో సుమారు మూడింట రెండు వంతులు మద్రాసు రేవు నుండి పోయినవారు. తమిళులతోపాటు విశాఖపట్నం, గంజాం, గోదావరి, నెల్లూరు, ఉత్తర ఆర్కాటు జిల్లాల తెలుగువారు వేలల్లో ఉన్నారు.

షరతు ఐదేళ్ళు. మొదటి ఏడాది నెలకు పది షిల్లింగుల జీతం, తరువాత ఏడాదికొక షిల్లింగు పెంపు. తిండి, బస యజమానివే. చీటీ లేకుండా తోట దాటి పోరాదు. అగ్రిమెంటు అనే మాటే కూలీల నోట గిరిమిట్ అయింది.

ఆ ఓడల జాబితాలలో ఉండే కాలములు చదివినప్పుడు గుమాస్తాగా నాకు కలిగిన భావం వేరు. నెంబరు, పేరు, తండ్రి పేరు, వయస్సు, కులం, జిల్లా, తాలూకా, గ్రామం, ఎత్తు, శరీరంపై గుర్తులు. ఇవి మన సర్వీసు రిజిస్టరులోని కాలములే. మన పుట్టుమచ్చలు కూడా ఎవరో గుమాస్తా ఇలాగే వ్రాసుకున్నాడు. కాని మనకు ఆ పుట్టుమచ్చలు పింఛను తెచ్చిపెట్టాయి. వారికి అవి పారిపోతే పట్టుకోవడానికి పనికివచ్చాయి.

ఐదేళ్ళు తీరినా కష్టం తీరలేదు. 1895లో చేసిన చట్టం ప్రకారం, షరతు ముగిశాక తిరిగి షరతుకు ఒప్పుకోకుండా, దేశానికి తిరిగి పోకుండా అక్కడే ఉండదలచినవారు ఏడాదికి మూడు పౌన్ల పన్ను కట్టాలి. మగవారికి 16 ఏళ్ళు, ఆడవారికి 13 ఏళ్ళు దాటితే చాలు. మూడు పౌన్లంటే అరవై షిల్లింగులు. కొత్త కూలీ ఆరు నెలల జీతం. భార్యాభర్తలిద్దరికీ కలిపితే ఏడాది జీతం. గాంధీగారి నాయకత్వంలో 1913లో జరిగిన పెద్ద సమ్మెకు ఈ పన్ను ఒక ముఖ్య కారణం. 1914లో దానిని రద్దు చేశారు.

రంగయ్య గారు

ఇలా వెళ్ళిన తెలుగు కూలీలలో బాప్టిస్టులు కూడా ఉన్నారు. తోటలలో వారికి తెలుగులో ప్రార్థన చెప్పేవారు లేరు, పెళ్ళి చేసేవారు లేరు, చనిపోతే నాలుగు మాటలు పలికేవారు లేరు. తమకొక బోధకుని పంపమని వారు సొంత దేశంలోని సంఘాలకు విజ్ఞప్తి చేసుకొన్నారు.

ఆ విజ్ఞప్తిని అందుకొన్నది నెల్లూరు కేంద్రంగా ఉన్న తెలుగు బాప్టిస్టు హోం మిషనరీ సొసైటీ. అమెరికన్ మిషనరీల ప్రోత్సాహం దానికి ఉన్నా, అది తెలుగు సంఘాలవారు తమ కానుకలతో నడుపుకొన్న సొసైటీ. ఆ సంఘాలలో ఎక్కువమంది ఎవరు? కరువులో కాలువ తవ్విన కుటుంబాలవారు, రైతుల దగ్గర జీతాలుండేవారు. పిడికెడు బియ్యం తీసి పక్కన పెట్టే ఆచారం మన వైపు సంఘాలలోనూ ఉన్నదే. అటువంటివారు ఒక మనిషిని సముద్రం దాటించి, అక్కడ ఆయన ఖర్చు భరించడానికి ఒప్పుకున్నారు.

వారు ఎన్నుకొన్నది జాన్ రంగయ్య గారిని. 1903లో ఆయన డర్బన్‌లో దిగారు. ఉత్తర తీరంలో స్టాంగర్ దగ్గర కియర్స్నీ అనే చోట సర్ లీజ్ హ్యూలెట్ గారి తేయాకు తోటలు ఉండేవి. అక్కడ తెలుగు కూలీలు బాగా ఉండడంతో, ఆ ఏడాదే డిసెంబరు 27న మొదటి తెలుగు బాప్టిస్టు సంఘాన్ని స్థాపించారు.

పన్నెండేళ్ళ పని ఆయనది. కూలీలు తోట దాటి రాలేరు కాబట్టి ఆయనే తోట తోటకూ తిరగాలి. పగలు పని, రాత్రి లైన్లలో వంట. మిగిలిన వేళలోనే కూర్చోబెట్టి చెప్పాలి. బైబిలు చదవాలంటే ముందు అక్షరాలు రావాలి. కాబట్టి ఆయన పనిలో బడి కూడా ఒక భాగమైంది. ఊరిలో ఉండగా పలక ముట్టని మనిషి అక్కడ అ ఆలు దిద్దాడంటే, అది మతం విషయంగానే చూడనక్కరలేదు. ఊరి పేరు, కులం పేరు, నెంబరు తప్ప వేరే గుర్తింపు లేని మనుషులకు ఆదివారం నాడు పేరు పెట్టి పిలిచే చోటు ఒకటి దొరికింది. అది వారు కట్టుకొన్నది, వారి భాషలో నడిచేది.

నేటాల్‌లో ఒక్కొక్కటిగా సంఘాలు పెరిగాయి. 1914లో వాటికొక అసోసియేషన్ ఏర్పడింది. ఆ కాలంలోనే లోపల చీలికలు కూడా వచ్చాయి. మన సంఘాలలో రానివా? మరుసటి ఏడాది, 1915లో, రంగయ్య గారు మరణించారు. తరువాతి కాలంలో ఆయన కుమారుడు టి.ఎం. రంగయ్య గారు ఆ సేవను కొనసాగించారు. కాలక్రమాన ఆరాధన ఇంగ్లీషులోకి మారిపోయింది. తెలుగు నిలుపుకోవడం కోసం అక్కడి తెలుగువారంతా మతభేదం లేకుండా 1931లో ఆంధ్ర మహాసభ పెట్టుకొన్నారు గాని, అది వేరే కథ.

చివరిమాట

ఈ తేదీలన్నీ పక్కపక్కన పెట్టి చూడండి. రష్యా నుండి వచ్చిన ఫ్రీసెన్ గారు నల్లగొండలో పనిచేసింది 1890 నుండి 1908 వరకు. రంగయ్య గారు నేటాల్‌లో దిగింది 1903లో. అంటే మన కాంపౌండులో దొర ఉండి, ఆయన కింద తెలుగు బోధకులు పనిచేస్తున్న రోజులలోనే, మరొక తెలుగువాడు సముద్రం అవతల తానే మిషనరీగా, ఏ దొర కిందా కాక, పని మొదలుపెట్టాడు. ఇక్కడ సహాయకుడు, అక్కడ బాధ్యుడు. శక్తిలో తేడా లేదు, ఇచ్చిన స్థానంలోనే తేడా. ఈ సంగతి మనవంటి ఉద్యోగులకు ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు.

పాలమూరు వారికి ఇంకొక మాట. గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకొని, పిల్లలతో సహా లారీ ఎక్కి, దేశంలోని డ్యాములన్నింటికీ మట్టి మోసిన జిల్లా మనది. అడ్వాన్సు తీరేవరకు తిరిగి రాలేని మనిషి స్థితి మనకు తెలుసు. అటువంటి తట్టపని చోటికి ఊరినుండి ఎవరైనా వెదుక్కుంటూ వచ్చి, మన మాటలో "బాగున్నారా?" అని అడిగితే ఎట్లా ఉంటుందో కూడా మనం ఊహించగలం. రంగయ్య గారు చేసిన పనిలో నాకు అన్నిటికంటె పెద్దదిగా కనిపించింది ఆ పలకరింపే.

నేను ఆ మతస్థుడిని కాను. మత ప్రచారంపై నాకున్న అభిప్రాయాలు నాకున్నాయి, మీకున్నవి మీకున్నాయి. కాని పేదవాడు ఎప్పుడూ పుచ్చుకొనేవాడే అని మనం అనుకోవడం తప్పు. పేదవారు ఇచ్చిన లెక్క కూడా చరిత్రలో ఉన్నది. చూడకుండానే నవ్వేయడం గుమాస్తా చేయవలసిన పని కాదు. ఫైలు చూడకుండా నోటు పెట్టినట్లే అది.

అన్నా, ఆ రోజు టీ కొట్టు దగ్గర మీరు చెప్పింది నిజం. ఆలస్యంగానైనా సరిచేసి సంతకం పెడుతున్నాను.