వేపమండల నుంచి క్లోరిన్ దాకా

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో ఎక్కువ భాగం 2016 అక్టోబరు 11 వరకు ఉమ్మడి వరంగల్ జిల్లాలోనిదే. ఈ సీమ పల్లెల్లో మశూచి వస్తే అమ్మవారు పోసిందనేవారు. ఆ ఇంటి గుమ్మానికి వేపమండలు కట్టి, పరాయివాళ్లను లోపలికి రానివ్వక, తగ్గిన తర్వాత రోగికి వేపాకు, పసుపు కలిపిన నీళ్లు పోసి, పోచమ్మకు బోనం చేసేవారు. ఈ ఆచారంలో భక్తితో పాటు రోగిని నలుగురికీ దూరంగా ఉంచే జాగ్రత్త కూడా ఉన్నదన్న సంగతిని, దాన్ని మూఢనమ్మకమని కొట్టిపారేసేవారు గుర్తించవలసి ఉన్నది.

అయితే గత్తర, అంటే కలరా, ఈ జాగ్రత్తకు లొంగలేదు. రోగి మలంతో కలుషితమైన నీటి ద్వారా వ్యాపించే జబ్బు అది. ఊరంతా ఒకే దిగుడు బావిలోకి దిగి బిందెలు ముంచుకునేచోట గుమ్మానికి కట్టిన వేపమండ ఆపగలిగిందేమీ లేదు. నీటికీ కలరాకూ ఉన్న సంబంధాన్ని లండన్‌లో జాన్ స్నో 1854లోనే చూపినా, ఆ జ్ఞానం పల్లె బావి దాకా రావడానికి చాలా కాలం పట్టింది.

ఈలోగా మందులు వచ్చాయి. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలోని లెడర్లే ప్రయోగశాల నుంచి 1948లో వెలువడిన ఆరియోమైసిన్, టెట్రాసైక్లిన్ కుటుంబపు మొదటి మందు. ఆ కుటుంబానికి చెందిన మందులే తర్వాత కలరా చికిత్సకూ ఉపయోగపడ్డాయి. కొన్ని దశాబ్దాలకే వాటికి లొంగని కలరా క్రిములు కూడా పుట్టుకొచ్చాయి. మందు తాకిడికి బలహీనమైన క్రిములు చచ్చి, తట్టుకున్నవి మిగిలి పెరగడాన్నే యాంటీబయాటిక్ నిరోధకత అంటారు. వాడిన ప్రతిసారీ ఈ వడపోత జరుగుతుంది కనుక, రాకుండా ఆపిన ప్రతి జబ్బూ మందుకు కొంత ఆయుష్షు పోస్తుంది.

ఇందుకు బలమైన నిదర్శనం సింధ్‌లోని హైదరాబాద్‌లో కనిపించింది. అక్కడ 2016లో బయటపడిన టైఫాయిడ్ క్రిమి, వాడుకలో ఉన్న మందుల్లో చాలా వాటికి లొంగలేదు. నోటి ద్వారా ఇవ్వదగిన వాటిలో దాదాపు అజిత్రోమైసిన్ ఒక్కటే మిగిలింది. అప్పుడు పిల్లలకు వేసిన టీకా తెలంగాణ హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్ తయారుచేసిన టైప్‌బార్ టీసీవీ. ఆ టీకాను పాకిస్తాన్ 2019 నవంబరులో సాధారణ టీకాల పట్టికలో చేర్చింది.

2019 ఫిబ్రవరి వరకు భూపాలపల్లి జిల్లాలో ఉండి, నేడు ములుగు జిల్లాలో ఉన్న మేడారంలో రెండేళ్లకోసారి జాతర జరిగినప్పుడు జబ్బును రాకుండా ఆపే ఇదే పని మరో రూపంలో సాగుతుంది. లక్షలాది మంది జంపన్నవాగులో మునిగి, గద్దెల వద్ద బెల్లం మొక్కు చెల్లించుకునే ఆ రోజుల్లో తాగునీటిలో బ్లీచింగ్ పౌడర్ కలపడమే గత్తరకు అడ్డుకట్ట. పౌడర్ కలిపి వదిలేస్తే చాలదు. కొంతసేపు ఆగి, చిన్న గొట్టంలో నీళ్లు పట్టి ఆర్థోటోలిడిన్ చుక్కలు వేసినప్పుడు అది పసుపు రంగుకు తిరిగితేనే, క్రిములను చంపగల క్లోరిన్ ఆ నీటిలో ఇంకా మిగిలి ఉన్నట్టు.