తంగేడు వరుస

మంట దగ్గరికి జరుగు బిడ్డా, సలి పెడుతున్నది. బతుకమ్మ పేర్చుడు ఎట్ల నేర్సుకున్నవే అని అడిగితివి గద, చెప్త ఇను.

పెత్రమాస వస్తుందంటే పోరగాండ్లమంత సంచులు పట్టుకొని మా ఊరు కంది చుట్టు చేండ్లెంబడి తిరిగేటోళ్లం. తంగేడు గట్ల మీద, బీడు భూములల్ల పూసేది. గునుగు జొన్న చేండ్లల్ల దానంతల అదే మొలిచేది. చేనాయన "తెంపుకోండ్రి, జొన్న తొక్కకుండ్రి" అనేటోడు. ఆయనకు కలుపు పోయేది, మాకు పువ్వు దొరికేది. గుమ్మడి పువ్వు తెల్లారంగ ఇచ్చుకుంటది, పొద్దెక్కితే ముడుసుకుంటది. దానికోసం చీకట్లనే లేసేది. అడుగున పిందె ఉన్న పువ్వు తెంపితే మా నాయినమ్మ ఊకునేది గాదు. పిందె లేని పువ్వే తేవాలె.

ఆమె సిబ్బిల ఆముదపాకులు పరిచి, మొదాలు తంగేడు వరుస పెట్టేది. గునుగు కాడలు సమానంగ కోసి, పిరికెడు పిరికెడు కట్టలు కట్టి, తెల్లకొసలు రంగు నీళ్లల్ల ముంచేది. గులాబి, నీలం, ఆకుపచ్చ. పైకి పోయినకొద్ది వరుస సన్నగయితది. అసలు పనితనం నడుమల ఉంటది బిడ్డా. కోసిన కాడలు, మిగిలిన ఆకులు లోపల గట్టిగ కుక్కాలె. లేకుంటే చెరువు కాడికి పోయేలోపే పక్కకు ఒరుగుతది. శిఖరం మీద గుమ్మడి పువ్వుల పసుపు గౌరమ్మ. సద్దుల నాడు ఊరి ఆడోళ్లంత ఒక్క తాన దించి, సుట్టు తిరిగి చప్పట్లు కొట్టుకుంట పాడి, చీకటి పడినంక నీళ్లల్ల ఇడిసేది. మాకు సదువు లేకపాయె గని, ఏ పువ్వు ఏ నేలల పూస్తదో ప్రతి ఆడామెకు ఎరుకే.

1970ల నడుమల పటాన్‌చెరు దిక్కు ఫ్యాక్టరీలు లేసినయ్. పని దొరికింది, అబద్ధమెందుకు, మీ తాత జీతంతోనే ఈ ఇల్లు నిలబడ్డది. గని ఆ మందుల నీళ్లు నక్కవాగుల పడ్డయ్, వాగు పోయి మంజీరల కలిసె. 1990లో ఆ ముచ్చట సుప్రీంకోర్టు దాక పోయింది. నురుగు నీళ్లల్ల గౌరమ్మను ఎట్ల సాగనంపుతరే? నాకైతే కడుపుల దేవినట్టయ్యేది. ఆ వాగొడ్డు పొలాలోళ్ల బాధ ఇంక పెద్దది.

అటెనక గడ్డిమందు వచ్చింది. చేండ్లల్ల గునుగు మాడిపాయె. ఇప్పుడు మీ అమ్మ బజార్ల కట్టలు కొంటది. 2014ల తెలంగాణ వచ్చినంక బతుకమ్మ సర్కారు పండుగయింది, తంగేడు రాష్ట్ర పువ్వయింది. సంబురమే. గని రాష్ట్ర పువ్వు యాడ మొలుస్తదో పిల్లలకు సూపెట్టేటోళ్లు గావాలె గద.

నేను ఉన్నన్నాళ్లు నీకు సూపెడ్త. ఎండిన గునుగు కంకి అరచేతిల నలిపితే నల్లటి ఇత్తనాలు రాలుతయ్, సన్నగ, తళతళ మెరుస్తయ్. దాసిపెట్టిన. తొలి వానలకు పెరట్ల చల్లితే పెత్రమాస నాటికి పూతకొస్తయ్. గడ్డి అనుకొని మీ నాయిన పీకెయ్యకుండ నువ్వే కావలుండాలె.