తగినంత నుండి తూకం దాకా: ఒక కషాయపు లెక్కల కథ



శీర్షిక చూసి వైద్యశాస్త్రం అనుకొని వచ్చినవారు మన్నించాలి. ఇది ఇంట్లో కాచుకొనే బీరు గూర్చిన వ్యాసం. బీరు గూర్చి ఈ పంతులు వ్రాయడమేమిటని నవ్వుకొనేవారూ ఉంటారు. ముప్ఫైమూడేళ్ళు పిల్లలకు సంధులూ సమాసాలూ చెప్పినవాణ్ణి, మద్యం జన్మలో ముట్టనివాణ్ణి. పైగా 1992లో నెల్లూరు జిల్లాలో, దూబగుంట స్త్రీలు సారా దుకాణం మూయించిన రోజుల్లో, అక్షరాస్యతా ఉద్యమపు రాత్రిబడిలో పలకల మీద ఓనమాలు దిద్దించినవాణ్ణి. మగని కూలిడబ్బు దుకాణంలో పోతే పిల్లలకు గంజి ఎట్లా అని అడిగిన తల్లుల ముఖాలు ఇప్పటికీ కళ్ళకు కడుతున్నాయి. 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చినప్పుడు పండుగ చేసుకొన్నాం. 1995 జనవరిలో సంపూర్ణ నిషేధం వచ్చి 1997లో సడలిపోయినప్పుడు నాలుగు రోజులు అన్నం సహించలేదు.

అటువంటివాడు 2012లో అమెరికాలో ఉన్న కుమారుని ఇంటికి తొలిసారి వెళ్ళి, గ్యారేజీలో నురుగు కక్కుతున్న గాజు జాడీని చూస్తే ఏమవుతుందో ఊహించుకోండి. అనరాని మాటలన్నాను. వాడు బదులు చెప్పలేదు. జాడీ మీద దుప్పటి కప్పాడు. ఆ దుప్పటి మా యిద్దరి నడుమ చాలా ఏళ్ళు అట్లాగే ఉండిపోయింది. ఫోనులో ఆరోగ్యం, వాతావరణం తప్ప వేరే మాట లేదు.

నిరుడు వేసవిలో మళ్ళీ వెళ్ళాము. ఒక సాయంత్రం వాడే దిగులుగా వచ్చి, "నాన్నగారూ, పాత కంప్యూటరు పోయింది. పన్నెండేళ్ళుగా వ్రాసుకొన్న పాకాలన్నీ ఒక సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాయి. కొత్తదానిలో ఆ దస్త్రాలు తెరుచుకోవడం లేదు. ఇప్పుడు ఏది ఎంచుకోవాలో తోచడం లేదు," అన్నాడు. ఆ సాఫ్ట్‌వేర్ పేరు ఇక్కడ అనవసరం. త్రాగుడు సంగతి నాకు తెలియదు గాని, వ్రాత పోగొట్టుకోవడమంటే ఏమిటో నాకు తెలుసు. అందుచేత కూర్చున్నాను. కూర్చున్నాక, పాఠం చెప్పేవాడికి పూర్వరంగం తెలియకపోతే ఎట్లా అని చరిత్ర తిరగవేశాను. దొరికినది మీతో పంచుకొంటున్నాను.

*

ముందుగా వస్తువు. బార్లీ గింజలను నానబెట్టి, మొలకెత్తించి, ఎండబెడితే మాల్టు. దానిని పగులగొట్టి, సుమారు 66 డిగ్రీల వేడినీటిలో గంటసేపు ఉంచితే గింజలోని పిండి చక్కెరగా మారుతుంది. వడకట్టిన తీపి కషాయంలో హాప్స్ అనే తీగ పూలు వేసి మరిగిస్తే చేదు దిగుతుంది. చల్లార్చి ఈస్టు కలిపితే అది చక్కెరను తిని మద్యాన్నీ బొగ్గుపులుసు వాయువునూ ఇస్తుంది. ఇంతే. కాని ఎంత గింజకు ఎంత నీరు, ఎంత చేదు అన్నదే అసలు చిక్కు.

ఈ చిక్కు పురాతనమైనది. సుమేరియా వారి మద్యదేవత నింకాసి మీద క్రీ.పూ. 1800 ప్రాంతపు స్తోత్రం ఒకటి మట్టిపలకల మీద దొరికింది. మిగేల్ సివిల్ 1964లో దానిని ఇంగ్లీషులోకి తెచ్చాడు. అందులో కాచే పనులన్నీ వరుసగా ఉన్నాయి, కొలతలు మాత్రం లేవు. జార్జి వాషింగ్టన్ 1757 నాటి తన పుస్తకంలో పలుచని బీరు పాకం వ్రాసుకొన్నాడు. ముప్ఫై గ్యాలన్ల కషాయానికి మూడు గ్యాలన్ల బెల్లపుమడ్డి అని లెక్క చెప్పినవాడే, హాప్స్ దగ్గరకు వచ్చేసరికి మీ రుచికి తగినంత అని ఊరుకొన్నాడు. మన అమ్మమ్మల ఉప్పు లెక్క గుర్తుకు రావడం లేదూ!

కొలత చెప్పినవాడు మనవాడే ఒకడున్నాడు. కౌటిల్యుడు అర్థశాస్త్రంలో సురాధ్యక్షుని ప్రకరణంలో మేదకం అనే మద్యానికి ద్రోణం నీరు, అర్ధాఢకం బియ్యం, మూడు ప్రస్థాల కిణ్వం అని తూకం వేసి చెప్పాడు. కిణ్వమంటే పులియబెట్టే ద్రవ్యం. అమరకోశం చదివినవారికి ఈ మాట కొత్త కాదు. అంతకంటె ఆశ్చర్యమేమంటే, మద్యం మీద రాజుకు అంత కట్టుదిట్టమైన అదుపు చెప్పిన ఆ ప్రకరణమే, గృహస్థులు శుభకార్యాలకు శ్వేతసురను, ఔషధానికి అరిష్టాన్ని ఇంట్లో చేసుకోవచ్చునని అనుమతించింది. ఇంటి పాకానికీ రాజు పన్నుకూ నడుమ పేచీ ఎంత పాతదో చూడండి. నేటికీ మన రెండు తెలుగు రాష్ట్రాలలో లైసెన్సు లేకుండా మద్యం కాచడం నేరమే. ఈ వ్యాసం చదివి ఎవరూ కుండ పొయ్యి మీద పెట్టవద్దని మనవి.

*

లెక్కల కథలో మలుపు పద్ధెనిమిదవ శతాబ్ది ఇంగ్లండులో వచ్చింది. పాలకేంద్రంలో లాక్టోమీటరును మీరు చూసే ఉంటారు. పాలలో అది ఎంత మునిగితే అంత నీళ్ళు కలిపినట్లు. అదే జాతి పనిముట్టు హైడ్రోమీటరు. కషాయంలో చక్కెర ఎంత ఉంటే అది అంత పైకి తేలుతుంది. నీటి సాంద్రత 1.000 అయితే మామూలు బీరు కషాయం 1.045 దగ్గర ఉంటుంది. పులిసిన తరువాత 1.010కి దిగిందనుకోండి. ఆ భేదాన్ని 131.25తో హెచ్చిస్తే మద్యం సుమారు 4.6 శాతమని తేలుతుంది.

హాంప్‌షైరులో ఆల్టన్ అనే ఊళ్ళో జేమ్స్ బావర్‌స్టాక్ అనే యువకుడు 1768 ప్రాంతంలో ఈ పనిముట్టును బీరు కాచే చోటికి తెచ్చాడు. అతని తండ్రికి కొత్త ప్రయోగాలంటే గిట్టదు. కనుక కొడుకు తండ్రికి కనబడకుండా దాచుకొని కొలతలు తీశాడు. లండనులో పెద్ద వర్తకుడైన శామ్యూల్ విట్‌బ్రెడ్ దగ్గరకు తీసుకువెళ్తే, ఇటువంటి పగటికలలు మాని ఇంటికి పొమ్మన్నాడట. నిఘంటుకర్త జాన్సన్‌కు ఆప్తుడైన హెన్రీ త్రేల్ మాత్రం విలువ గుర్తించాడు. తరువాత హల్ నగరానికి చెందిన జాన్ రిచర్డ్‌సన్ 1784లో దీని మీద పుస్తకం ప్రచురించి పద్ధతిని స్థిరపరచాడు.

తండ్రికి దాచి అన్న చోట నేను చదవడం ఆపి కాసేపు కూర్చుండిపోయాను. గ్యారేజీలో దుప్పటి కప్పిన జాడీ కళ్ళముందు నిలిచింది. ఆ బావర్‌స్టాక్ వ్రాతలను అతడు పోయాక 1824లో అచ్చువేయించినది అతని కొడుకే.

ఆ చిన్న పనిముట్టు చేసిన పని సామాన్యమైనది కాదు. లండను వారి పోర్టరు అనే నల్ల బీరుకు గోధుమరంగు మాల్టు వాడేవారు, అది చవక గనుక. హైడ్రోమీటరు పెట్టి చూస్తే, ఖరీదైన తెల్లమాల్టులో చక్కెర చాలా ఎక్కువ దిగుతున్నది. లెక్కకు తెల్లమాల్టే చవక. అందరూ అటు మళ్ళారు. అప్పుడు రంగు తగ్గింది. రంగు కోసం 1817లో డేనియల్ వీలర్ మాల్టును నల్లగా వేయించే యంత్రానికి పేటెంటు పొందాడు. ఒక కొలత ఒక రుచినే మార్చివేసింది.

మరొక ముచ్చట. 1899లో డబ్లినులోని గిన్నెస్ సంస్థలో విలియం గాసెట్ అనే యువకుడు చేరాడు. నాలుగైదు నమూనాలను మాత్రమే పరీక్షించి మొత్తం సరుకు గుణం చెప్పడమెట్లా అన్నది అతని సమస్య. 1908లో స్టూడెంట్ అనే మారుపేరుతో అతడు ప్రచురించిన వ్యాసం నుండి పుట్టినదే నేడు గణాంకశాస్త్రం చదివే ప్రతి విద్యార్థీ నేర్చే టి-పరీక్ష.

*

ఇక ఇంటి కాపకం సంగతి. ఇంగ్లండులో 1880లో మాల్టు మీద పన్ను తీసి బీరు మీద వేసినప్పుడు, ఇంట్లో కాచేవారికీ లైసెన్సు పెట్టారు. 1963లో ఆర్థికమంత్రి రెజినాల్డ్ మోడ్లింగ్ దానిని రద్దు చేశాడు. అమెరికాలో 1933లో మద్యనిషేధం తొలగినప్పుడు ఇంట్లో ద్రాక్షసారాయి చేసుకొనేందుకు వీలు కలిగింది గాని బీరుకు కలుగలేదు. 1978 అక్టోబరులో అధ్యక్షుడు కార్టర్ సంతకం చేసిన చట్టం 1979 ఫిబ్రవరి నుండి అమలుకు వచ్చి, ఇద్దరు పెద్దలున్న ఇంటికి ఏడాదికి రెండువందల గ్యాలన్ల దాకా అనుమతించింది. రాష్ట్రాలు ఒక్కొక్కటే ఒప్పుకొంటూ వచ్చి, చివరగా 2013లో అలబామా, మిసిసిపీ ఒప్పుకొన్నాయి. 1978లోనే కొలరాడోలోని బౌల్డరులో చార్లీ పపాజియన్, చార్లీ మాట్జెన్ ఇంటి కాపకందార్ల సంఘాన్ని స్థాపించారు. ఈ పపాజియన్ వృత్తి ఏమిటనుకొన్నారు? బడిపంతులు! పగలు పిల్లలకు, సాయంత్రం పెద్దలకు. నేను నడిపినదీ రాత్రిబడే, ఆయన నడిపినదీ ఒక విధంగా రాత్రిబడే. పాఠం మాత్రం వేరు.

కాగితం మీద లెక్క కంప్యూటరుకు ఎక్కింది. 1990లలో ప్రోమాష్, 2003లో బ్రాడ్ స్మిత్ వ్రాసిన బీర్‌స్మిత్, ఆ పిమ్మట ఉచితమైన బ్రూటార్గెట్, అంతర్జాలంలోనే పనిచేసే బ్రూఫాదర్ వంటివి వచ్చాయి. ఇవి చేసేదల్లా పైన చెప్పిన లెక్కే. ఉదాహరణకు, కిలో మాల్టు లీటరు నీటిలో పూర్తిగా దిగితే 300 బిందువులనుకొందాం. నాలుగు కిలోలకు 1200. మన పాత్రలో నూటికి 75 పాళ్ళు దిగితే 900. ఇరవై లీటర్లకు పంచితే 45, అనగా సాంద్రత 1.045. పాత్ర మంచిది కాక 65 పాళ్ళే దిగితే 1.039.

చేదు దగ్గర నాకు అసలు విషయం తెలిసింది. లీటరులో ఒక మిల్లీగ్రాము చేదు ఆమ్లాన్ని ఒక ఐబీయూ అంటారు. ఆరు శాతం ఆమ్లమున్న హాప్స్ ముప్ఫై గ్రాములు, ఇరవై లీటర్లలో గంటసేపు మరిగిస్తే చేదెంత? అబ్బాయి చేత ఒకే పాకాన్ని రెండు సూత్రాలతో వేయించాను. 1990 నాటి జాకీ రేగర్ సూత్రం దాదాపు 28 అన్నది. తరువాత గ్లెన్ టిన్సెత్ ఇచ్చిన సూత్రం 21 అన్నది. కుండ ఒకటే, పూలు అవే. ఊరికో కుంచం ఉన్న రోజుల్లో ధాన్యం కొలిచినట్లుంది. కనుక ఇద్దరు తమ పాకాలను పోల్చుకోవాలంటే ముందు ఏ కుంచంతో కొలిచారో చెప్పుకోవాలి. గ్యాలనూ అంతే. అమెరికా గ్యాలను 3.785 లీటర్లు, ఇంగ్లండుది 4.546. పాత ఇంగ్లీషు పుస్తకం చూసి అమెరికాలో కాస్తే నీరు చాలదు, గింజ ఎక్కువవుతుంది.

ఇవన్నీ చూసి వాడికి నాలుగు ప్రశ్నలు వ్రాసి యిచ్చాను. ఏ సూత్రంతో లెక్కిస్తున్నదో చెబుతుందా, మార్చుకోనిస్తుందా? నీ పాత్రలో ఎంత ఆవిరి పోతుందో, అడుగున ఎంత మిగులుతుందో చెప్పుకోనిస్తుందా? లీటర్లూ గ్యాలన్లూ రెండూ తెలుసా? అన్నిటికంటె ముఖ్యం, నీ వ్రాతను నీకు తిరిగి ఇస్తుందా?

నాల్గవ ప్రశ్న మనకు కొత్తది కాదు కదా. పత్రికకొక ఖతి ఉన్న రోజుల్లో ఒకచోట వ్రాసిన తెలుగు ఇంకొకచోట పిచ్చిగీతలుగా కనబడేది. యూనికోడు వచ్చాక మన అక్షరం మనదైంది. బీరు పాకాలకూ అటువంటిదే బీర్ఎక్స్ఎమ్ఎల్ అనే ఉమ్మడి లిపి ఒకటున్నది. దానిలో భద్రపరచిన పాకం ఒక సాఫ్ట్‌వేర్ నుండి మరొకదానికి నడిచిపోతుంది. అది తెలిసినదీ, మూలసంకేతం బహిరంగంగా ఉన్నదీ కనుక వాడు బ్రూటార్గెట్ ఎంచుకొన్నాడు. మీకు వేరొకటి నచ్చవచ్చు. ప్రశ్నలు మాత్రం అవే.

*

పాత పాకాలు చాలావరకు పోయినట్లే. వాడు అన్నిటికంటె బాధపడినది ఒకదానికోసం. 2012లో నేను తిట్టినప్పుడు జాడీలో ఉన్నది. గోధుమలు, నారింజతొక్క, ధనియాలు వేసి బెల్జియం వారి పద్ధతిలో చేసినదట. "ధనియాలు ఎన్ని వేశానో గుర్తు లేదు," అన్నాడు.

మా ఆవిడ లోపలికి వెళ్ళి తన వంటల నోటుపుస్తకం తెచ్చింది. వెనుక పుటలో, పెన్సిలుతో, తేదీతో సహా ఉన్నది: ధనియాలు 20 గ్రాములు, కచ్చాపచ్చాగా దంచి, చివర అయిదు నిమిషాలలో. ఆనాడు నేను పడుకొన్నాక వాడికి తూచి యిచ్చినది ఆవిడేనట. నలభయ్యేళ్ళుగా నాకు వండిపెట్టే కూరలన్నిటికీ తగినంత అని వ్రాసుకొన్న మనిషి, దీనికి మాత్రం గ్రాములు వ్రాసుకొన్నది.

నేనేమీ అనలేదు. వాడు టైపు చేస్తుంటే అంకెలు చదివి వినిపించాను. పాకానికి పేరేమి పెట్టాలని అడిగితే, తెలుగులో పెట్టుకో, యూనికోడు ఉన్నది కదా అన్నాను. అమ్మ ధనియాలు అని పెట్టుకొన్నాడు. మూడు వారాల తరువాత సీసాలు నింపే రోజున హైడ్రోమీటరు నేనే పట్టుకొని చూశాను. 1.011. రుచి చూడలేదు. రాత్రిబడి తల్లులకిచ్చిన మాట నాకింకా ఉన్నది. గ్యారేజీలో దుప్పటి మాత్రం ఇప్పుడు లేదు.

లెక్కలలో పొరపాట్లుంటే పెద్దలు తెలియజేయగలరు, దిద్దుకొంటాను. మీ వ్రాతలకు మరొక ప్రతి ఎక్కడైనా దాచుకొన్నారో లేదో ఈ రాత్రే ఒకసారి చూసుకోండి.

స్వస్తి.