దస్త్రముల త్రోవ: చెన్నపురినుండి తార్నాక వఱకు

చెన్నపురి ఎగ్మూరులో, రైలు స్టేషనునకు అనతిదూరమున, 1909వ సంవత్సరమున నెలకొన్న యెఱ్ఱని భవనమందు, తీరాంధ్ర మండలములను, దత్తమండలములను కుంఫిణీవారును, వారి పిమ్మట దొరతనమువారును ఏ రీతిని పాలించిరో తెలుపు సంపుటములు బారులు తీరి యున్నవను సంగతిని మన విద్యావంతులలో సైతము పెక్కురు గమనింపలేదు. నాటి మద్రాసు రికార్డు ఆఫీసే 1973 నుండి తమిళనాడు ఆర్కైవ్స్ అను పేర వ్యవహృతమగుచున్నది.

ఈ పత్రరాశి చరిత్రకొఱకు పుట్టినది కాదు. 1670 మొదలుకొని లభించు సెయింట్ జార్జి కోట కాగితములు కేవలము వర్తకుల యవసరముచే వ్రాయబడినవి. 1746లో ఫ్రెంచివారు కోటను పట్టుకొన్నప్పుడు వానిలో కొన్ని నశించెను. అయినను, కోటలోని సభ జరిపిన యాలోచనల కెల్ల నకళ్ళు తీసి లండనులోని డైరెక్టర్లకు పంపుట నియమమై యుండుటచే, ఇచ్చట పోయినది అచ్చట దొరకుట కవకాశము కలిగెను. సముద్రముల కావలనున్న యజమానులు తమ కొలువుకాండ్రను పూర్తిగా నమ్మకపోవుట చరిత్రకారునికి చేసిన మేలు ఇంతింత గాదు.

1786లో రెవిన్యూ బోర్డు ఏర్పడి, 1794లో మచిలీబందరు, విశాఖపట్టణములలోని చీఫులును వారి కౌన్సిళ్ళును రద్దయి, కలెక్టర్ల పాలన స్థిరపడినది మొదలు, పల్లెలోని కష్టము కాగితమెక్కుట కొక మార్గ మేర్పడెను. కలెక్టరు బోర్డునకు వ్రాయును. బోర్డు తన యభిప్రాయమును జోడించి గవర్నరు సభకు నివేదించును. సభ పెద్ద విషయములను లండనునకు తెలుపును. అచ్చటి జవాబు అదే త్రోవను క్రిందికి దిగివచ్చును. డొక్కల కఱవును, 1839 నాటి కోరంగి యుప్పెనయు చూచిన దశాబ్దములలో రాజమహేంద్రవర మండలము క్షీణించి, 1821లో 7 లక్షలకు మించియుండిన జనసంఖ్య 1841 నాటికి 5 లక్షల 60 వేల చేరువకు దిగజాఱగా, విచారణకు నియుక్తుడైన హెన్రీ మాంట్గొమరీ 1844లో సమర్పించిన నివేదికయు, దానివెంట ఆర్థరు కాటను వ్రాసిన యంచనాలును, డైరెక్టర్ల యనుమతియు, 1847లో మొదలై 1852 నాటికి ముగిసిన ధవళేశ్వరపు ఆనకట్ట పనియు ఈ త్రోవవెంటనే నడచినవి. ఒక్క యుత్తరమును విడదీసి చదివినచో అది యొక యధికారి మాట మాత్రమే. దాని ముందువెనుకల నున్న వానితో కలిపి చదివినచో ప్రభుత్వము ఏది ఎప్పుడెఱిగెనో, ఎఱిగియు ఎంతకాలము మిన్నకుండెనో తేటపడును. కనుకనే, ఏ కచేరీలో ఏ క్రమమున పుట్టినవో ఆ క్రమమునందే కాగితములను నిలుపుట పత్రాలయాధికారి మొదటి ధర్మమని నా నిశ్చితాభిప్రాయము. సూచికలు, ముద్రణలు ఆ తరువాతివి.

1911లో క్యూరేటరు పదవికి వచ్చిన హెన్రీ డాడ్వెల్ పూర్వ పత్రములకు సంగ్రహసూచికలు వెలువరించి ఈ కార్యాలయమును పండితులకు పరిచితము గావించెను. రెండవ ప్రపంచయుద్ధమున జపానువారి దాడికి వెఱచి ఈ దస్త్రములను చిత్తూరు జిల్లా పలమనేరునకు తరలించిరి. తెలుగు జిల్లాల కాగితములు ఆ విధముగా కొంతకాలము తెలుగు నేలపై నిలిచినవి.

హైదరాబాదు సంగతి వేఱు. అచ్చట దీవానీ, మాల్ మున్నగు దఫ్తరులు వంశపారంపర్యముగా దఫ్తరుదారుల చేతిలో నుండి, లెక్కలు వారి సొంత ఆస్తివలె నడచుచుండగా, 1853లో దివానైన మొదటి సాలార్జంగు ఆ యధికారమును త్రుంచి దస్త్రములను ప్రభుత్వపరము చేసెను. దొరతనపు కాగితము ఉద్యోగిది కాదు, రాజ్యముది అను సూత్రము నిజాము రాజ్యమున నాటుకొన్న దప్పుడే. మొగలుల దక్కను పాలనకు సంబంధించిన పారసీక పత్రములును పిమ్మట ఔరంగాబాదు కోటనుండి హైదరాబాదు చేరినవి. వానినుండి యేర్చిన షాజహాను కాలపు పత్రములు యూసఫ్ హుసేన్ ఖాన్ సంపాదకత్వమున 1950లోను, ఔరంగజేబు కాలమువి 1958లోను అచ్చుపడినవి. 1962లో ఈ హైదరాబాదు దస్త్రముల కార్యాలయమే ఆంధ్రప్రదేశ్ స్టేట్ ఆర్కైవ్స్ అయి, పిమ్మట తార్నాకలో స్థిరపడెను.

రాష్ట్రములు చీలినప్పుడు భూములను పంచినట్లు కాగితములను పంచవచ్చునని తలచుటయే పొరపాటు. గోదావరి, కృష్ణా, గుంటూరు జిల్లాల కచేరీ సంపుటములు హైదరాబాదు చేరినవి. ఆ కలెక్టర్ల లేఖలను చర్చించిన బోర్డు సంపుటములు చెన్నపురిలోనే యున్నవి. ఉత్తరమొక యూర, దానిపై జరిగిన చర్చ వేఱొక యూర! 2014 తరువాత తార్నాకలోని సంస్థ తెలంగాణమున నుండిపోవుటచే, తీరాంధ్రమున పుట్టి పరిశోధన చేయగోరు యువకుడు తన జిల్లా కథకై రెండు పరరాష్ట్రముల తలుపులు తట్టవలసి వచ్చెను. 1993 నాటి పబ్లిక్ రికార్డుల చట్టమో, కేంద్రప్రభుత్వమునకును కేంద్రపాలిత ప్రాంతములకును మాత్రమే వర్తించును. రాష్ట్రముల కాగితములకు దాని రక్షణ లేదు.

మామిడిపూడి వెంకటరంగయ్యగారు ఆంధ్రప్రదేశ్ స్వాతంత్ర్యోద్యమ చరిత్రను నాలుగు సంపుటములుగా కూర్చి, మూలపత్రములను యథాతథముగ పాఠకుల ముందుంచిన విధము నా కెంతయు ఆదర్శప్రాయముగా తోచును. అట్టి శ్రద్ధతో మూడు రాష్ట్రముల పత్రాలయాధికారులు కూడి, ఏ సంపుటము ఎచ్చట గలదో, దాని జవాబు ఎచ్చట గలదో తెలుపు ఉమ్మడి సూచిక నొకదానిని సిద్ధపఱుపవలెను. మొదటి విడతగా 1840వ దశాబ్దపు రాజమహేంద్రవర మండలమును చేపట్టినచో, ఆనకట్టకు ముందు ఆ మండలపు రైతు స్థితిని గూర్చి కలెక్టరు ఏమి వ్రాసెనో, బోర్డు ఏమి చేసెనో, రెండింటిని ప్రక్కప్రక్కన పెట్టి చదువగలుగుదుము.